నెట్‌వర్క్ నిర్వాహకులకు బహిరంగ లేఖ: "బ్రౌజర్‌లో వస్తోంది కదా" అంటే సరిపోదు

గౌరవనీయులైన నెట్‌వర్క్ నిర్వాహకులకు,

కాలేజీ ల్యాబుల్లో, లైబ్రరీల్లో, ఆఫీసుల్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్ల మీద బోయింక్ (శాస్త్ర ప్రాజెక్టుల లెక్కలను వాలంటీర్ల కంప్యూటర్లతో చేయించే సాఫ్ట్‌వేర్) నడుపుకోవడానికి మీలో చాలామంది ఒప్పుకున్నారు. అందుకు కృతజ్ఞతలు. అయితే ఆ అనుమతి చాలాచోట్ల ఒకే తీరుగా రద్దవుతోంది. కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తోందని వాలంటీరు చెబుతాడు. మీరు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని బ్రౌజర్ తెరుస్తారు. ప్రాజెక్టు పేజీ చక్కగా వస్తుంది. ఇంకేముంది, నెట్‌వర్క్ బాగానే ఉంది, ఆ సాఫ్ట్‌వేరే బాగాలేదు, తీసేయండి అంటారు. కాస్త ఓపిక ఉన్నవాళ్లు ప్రాజెక్టును రీసెట్ చేసి చూడమంటారు.

ఆ రెండు సలహాలూ ఇవ్వొద్దని అడగడానికే ఈ లేఖ. ఒకే కంప్యూటర్‌లో ఉన్నా బ్రౌజర్ వెళ్లే దారి వేరు, బోయింక్ వెళ్లే దారి వేరు. బోయింక్ మరో యూజర్ ఖాతా కింద నడుస్తూ ఉండొచ్చు. దాని ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వర్) సెట్టింగు వేరు కావచ్చు. సర్వర్ల గుర్తింపును తేల్చడానికి అది నమ్మే సర్టిఫికెట్ల జాబితా వేరు కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు బ్రౌజర్‌లో తెరిచిన సర్వర్‌తో దానికి అసలు పనే ఉండకపోవచ్చు. కాబట్టి పేజీ తెరుచుకుంటే ఆ పేజీకి దారి ఉందని మాత్రమే తెలుస్తుంది.

ముందు రీసెట్ సంగతి. ప్రాజెక్ట్స్ ట్యాబ్‌లో రీసెట్ నొక్కితే ఆ ప్రాజెక్టుకు సంబంధించి ఆ కంప్యూటర్‌లో ఉన్న పనులన్నీ పోతాయి. సగంలో ఉన్నవే కాదు, లెక్క పూర్తయి అప్‌లోడ్ కోసం వేచి ఉన్న ఫలితాలు కూడా పోతాయి. రిమూవ్ నొక్కినా అంతే. రోజుల తరబడి ప్రాసెసర్ చేసిన పని ఒక్క క్లిక్‌తో చెత్తబుట్టలో పడుతుంది, నెట్‌వర్క్ లోపం మాత్రం అక్కడే ఉంటుంది. రీసెట్ వల్ల బాగయ్యేది పాడైన అప్లికేషన్ ఫైళ్ల లాంటి సమస్య. దారి మూసుకుపోయినప్పుడు దానితో ప్రయోజనం ఏమీ లేదు. అప్‌లోడ్ కాని ఫలితాన్ని బోయింక్ తనంతట తాను దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. గడువు దగ్గరపడేదాకా మీరు నిదానంగా వెతకొచ్చు.

మీ ఫైర్‌వాల్ దృష్టిలో బోయింక్ మామూలు వెబ్ క్లయింట్. లోపల లిబ్‌కర్ల్ అనే వెబ్ బదిలీల లైబ్రరీ వాడుతుంది. బయటికి 443, 80 పోర్టులు చాలు. బయటినుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. 31416 అనే పోర్టు ఎక్కడో చదివి దాన్ని ఇంటర్నెట్ వైపు తెరిచినవాళ్లు ఉంటే దయచేసి వెంటనే మూసేయండి. అది బోయింక్ మేనేజర్ అనే కిటికీకి, వెనకాల నడిచే క్లయింట్‌కి మధ్య మాటల కోసం. ఆ మాటలు సాధారణంగా అదే కంప్యూటర్‌లోనే జరుగుతాయి. మేనేజర్ అడుగున "డిస్‌కనెక్టెడ్" అని కనిపించి, ఈవెంట్ లాగ్ ఖాళీగా ఉంటే అది ఇంటర్నెట్ ఎర్రర్ కాదు. క్లయింట్ నడవడం లేదనో, ఆ రెండింటి మధ్య పాస్‌వర్డ్ ఫైలు కుదరడం లేదనో అర్థం. ఆ సందర్భంలో మీ ఫైర్‌వాల్ జోలికి పోనవసరమే లేదు.

ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ కూడా నడుస్తున్న చోట ఒక తేడా గమనించండి. దాని ఏడో వెర్షన్ క్లయింట్ పని సర్వర్లను ముందు 8080 పోర్టులో పలకరించి, కుదరకపోతే 80కి మారుతుంది. లాగ్‌లో 8080 విఫలమైందన్న హెచ్చరిక కనిపించి, ఆ తర్వాత పని జరుగుతుంటే కంగారు పడక్కర్లేదు.

మళ్లీ బోయింక్ దగ్గరికి. ఒక ప్రాజెక్టుకు ఒకటే చిరునామా ఉంటుందన్న నమ్మకమే చాలా తిప్పలకు మూలం. క్లయింట్ మూడు రకాల సర్వర్లతో మాట్లాడుతుంది. ఒకటి షెడ్యూలర్: పని అడగడం, పూర్తయిన పనిని నివేదించడం దానితోనే. రెండోది డౌన్‌లోడ్ సర్వర్: అప్లికేషన్లు, డేటా అక్కడినుంచి వస్తాయి. మూడోది అప్‌లోడ్ సర్వర్: ఫలితాల ఫైళ్లు అక్కడికి వెళ్తాయి. చిన్న ప్రాజెక్టుల్లో ఈ మూడూ ఒకే యంత్రం మీద ఉండొచ్చు. పెద్దవాటిలో వేర్వేరు హోస్ట్ పేర్లతో, ఒక్కోసారి వేర్వేరు సంస్థల్లో ఉంటాయి. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ లాంటి ప్రాజెక్టులు డౌన్‌లోడ్‌కి ఒకటికి మించి మిర్రర్లు (అవే ఫైళ్ల నకళ్లున్న సర్వర్లు) వాడతాయి. మీరు అనుమతుల జాబితాలో ప్రాజెక్టు హోమ్‌పేజీ డొమైన్ ఒక్కటే చేర్చారనుకోండి. పని అడగడం కుదురుతుంది, ఫైళ్లు రావు. లేదా ఫైళ్లు వస్తాయి, లెక్కలు పూర్తవుతాయి, ఫలితాలు మాత్రం ట్రాన్స్‌ఫర్స్ ట్యాబ్‌లో పేరుకుపోతాయి. అప్‌లోడ్‌కి వేచి ఉన్న పనుల సంఖ్య ప్రాసెసర్ కోర్ల సంఖ్యకు రెట్టింపు దాటగానే క్లయింట్ కొత్త పని అడగడం మానేస్తుంది. లాగ్‌లో "టూ మెనీ అప్‌లోడ్స్ ఇన్ ప్రోగ్రెస్" అని వస్తుంది. అది చూసి ప్రాజెక్టులో పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది.

అసలు హోస్ట్ పేర్లు ఎలా తెలుస్తాయి? ఊహించి రాయకండి. డేటా ఫోల్డర్‌లో క్లయింట్ స్టేట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది. విండోస్‌లో సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటా కింద బోయింక్ ఫోల్డర్‌లో చూడండి. ఆ ప్రోగ్రామ్‌డేటా మామూలుగా దాచి ఉంటుంది. డెబియన్ తరహా లినక్స్‌లో వార్, లిబ్ కింద బోయింక్-క్లయింట్‌లో ఉంటుంది. ఆ ఫైలును ఏదైనా టెక్స్ట్ ఎడిటర్‌లో చదవడానికి మాత్రమే తెరిచి, ఫైళ్ల పద్దుల్లో ఉన్న డౌన్‌లోడ్, అప్‌లోడ్ యూఆర్ఎల్‌లను, ప్రాజెక్టు పద్దులో ఉన్న షెడ్యూలర్ యూఆర్ఎల్‌ను రాసుకోండి. మీ అనుమతుల జాబితాలో ఉండాల్సినవి అవే. క్లయింట్ నడుస్తున్నప్పుడు ఆ ఫైలులో ఏమీ మార్చకండి. మార్చినా క్లయింట్ తన జ్ఞాపకంలో ఉన్నదాన్ని మళ్లీ దానిమీద రాసేస్తుంది.

ఇక ఈవెంట్ లాగ్. అడ్వాన్స్‌డ్ వ్యూలో టూల్స్ మెనూలోనో, కంట్రోల్, షిఫ్ట్, ఈ కలిపి నొక్కితేనో తెరుచుకుంటుంది. ఇందులో రెండు వాక్యాలు చాలామందిని దారి తప్పిస్తాయి. ప్రాజెక్టుతో మాట్లాడటం విఫలమైతే క్లయింట్ ఒక రిఫరెన్స్ సైటును తట్టి చూస్తుంది. ఆ సైటు గూగుల్. అది పలికితే "ఇంటర్నెట్ యాక్సెస్ ఓకే, ప్రాజెక్ట్ సర్వర్స్ మే బీ టెంపరరీలీ డౌన్" అని రాస్తుంది. పలక్కపోతే "బోయింక్ కాంట్ యాక్సెస్ ఇంటర్నెట్" అని రాస్తుంది. మొదటి వాక్యం చూసి తప్పు ప్రాజెక్టుదేనని చేతులు దులుపుకోవద్దు. అందులో ఉన్నది "మే బీ". క్లయింట్‌కి తెలిసింది గూగుల్ అందింది, ప్రాజెక్టు అందలేదు అన్నంతవరకే. మధ్యలో మీ ఫిల్టర్ ఆపినా అచ్చంగా అదే వాక్యం వస్తుంది. రెండో వాక్యం కూడా అంతే. ప్రాజెక్టు సర్వర్ ఒక గంట పడిపోయి, మీ నెట్‌వర్క్‌లో గూగుల్‌ను మూసి ఉంచితే, ఇంటర్నెట్ భేషుగ్గా ఉన్నా అది లేదనే రాస్తుంది. అలాంటి చోట రిఫరెన్స్ సైటును తట్టవద్దని చెప్పే ఆప్షన్ సీసీ కాన్ఫిగ్ ఎక్స్ఎంఎల్ ఫైలులో (డేటా ఫోల్డర్‌లో ఉండే, క్లయింట్ ఆప్షన్లు రాసే ఫైలు) ఉంది. పేరు "డోంట్ కాంటాక్ట్ రెఫ్ సైట్", విలువ 1.

ప్రాజెక్టు సర్వర్ నిజంగానే పడిందా అన్నది ముందు తేల్చుకోవాల్సిన విషయం. దాదాపు ప్రతి ప్రాజెక్టుకూ సర్వర్ స్టేటస్ పేజీ ఉంటుంది. అందులో షెడ్యూలర్, డౌన్‌లోడ్ సర్వర్, అప్‌లోడ్ సర్వర్ విడివిడిగా కనిపిస్తాయి. నిర్వహణ కోసం ఆపినప్పుడు లాగ్‌లోనే ఆ మాట వస్తుంది. సెటీ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు 2020 మార్చి 31న కొత్త పని పంపడం మానేసేదాకా వారంవారం మంగళవారం నిర్వహణ కోసం ఆగేది. ఆ రోజు ఎర్రర్లు చూసి ఫైర్‌వాల్ నిబంధనలు మార్చుకున్నవాళ్లకు బుధవారం తమ మార్పే పనిచేసిందని అనిపించడంలో వింత లేదు.

స్టేటస్ పేజీలో సర్వర్ పచ్చగా ఉండి మీ దగ్గర మాత్రమే ఆగిపోతుంటే అసలు పరీక్ష మొదలుపెట్టండి. ఆప్షన్స్ మెనూలో ఈవెంట్ లాగ్ ఆప్షన్స్ తెరిచి, ఎచ్‌టీటీపీ డీబగ్ ఫ్లాగ్‌ను ఆన్ చేయండి. అప్‌లోడ్ సమస్య అయితే ఫైల్ ట్రాన్స్‌ఫర్ డీబగ్‌ను, ప్రాక్సీ ఉంటే ప్రాక్సీ డీబగ్‌ను కూడా. తర్వాత ప్రాజెక్ట్స్ ట్యాబ్‌లో అప్‌డేట్‌గానీ, ట్రాన్స్‌ఫర్స్ ట్యాబ్‌లో రీట్రై నౌ గానీ ఒక్కసారి నొక్కండి. ఏ ఐపీ చిరునామాకు ప్రయత్నించింది, కనెక్షన్ కుదిరిందా, టీఎల్ఎస్ (గుప్తీకరణ) దగ్గర ఏమైంది, తిరిగొచ్చిన ఎచ్‌టీటీపీ కోడ్ ఎంత అన్నవి వరసగా కనిపిస్తాయి. పని కాగానే ఫ్లాగులు తీసేయండి. లేకపోతే అసలు విషయం చెత్తలో కలిసిపోయేంతగా లాగ్ పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. ఈ డీబగ్ లాగ్‌ను ఎవరికైనా పంపే ముందు ప్రాక్సీ ఆథరైజేషన్ అన్న వరుస తీసేయండి. బేసిక్ పద్ధతిలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ బేస్64లో ఉంటాయి, ఎవరైనా క్షణంలో విప్పేయగలరు. షెడ్యూలర్ రిక్వెస్ట్ ఫైళ్లలో వాలంటీరు ఖాతా తాళంచెవి, అంటే ఆథెంటికేటర్, ఉంటుంది. దాన్ని కూడా చెరిపేయాలి.

"కుడ్‌న్ట్ రిజాల్వ్ హోస్ట్ నేమ్" అని వస్తే సమస్య డీఎన్ఎస్‌లో, అంటే పేరును ఐపీ చిరునామాగా మార్చే వ్యవస్థలో ఉంది. లాగ్‌లో ఉన్న హోస్ట్ పేరునే ఎన్ఎస్‌లుకప్‌తో అడగండి, హోమ్‌పేజీ పేరును కాదు. జవాబు రాకపోయినా, మీ ఫిల్టర్ పేజీ చిరునామా వచ్చినా కారణం దొరికినట్టే. "కుడ్‌న్ట్ రిజాల్వ్ ప్రాక్సీ నేమ్" అని వస్తే ప్రాక్సీ పేరు తప్పుగా రాశారన్నమాట. ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆ ఒక్క మాట జాగ్రత్తగా చదవండి.

"కుడ్‌న్ట్ కనెక్ట్ టు సర్వర్" వెంటనే వస్తే ఎవరో తిరస్కరించారని అర్థం. చాలాసేపు ఆగి "టైమౌట్ వాజ్ రీచ్డ్" వస్తే ఎవరో చప్పుడు లేకుండా ప్యాకెట్లను పారేస్తున్నారు. లోపలి యంత్రాలు బయటికి చేసే ప్రయత్నాలను ఆపేటప్పుడు డ్రాప్‌కి బదులు రిజెక్ట్ పెట్టండి. మీ భద్రతకు లోటేమీ రాదు, ఎవరు ఆపారో క్షణంలో తెలుస్తుంది. ఐపీవీ6 సగంసగం అమర్చిన చోట మరో తిరకాసు ఉంది. పేరుకు ఐపీవీ6 చిరునామా వస్తుంది, దారి మాత్రం సరిగ్గా ఉండదు. కర్ల్ ఆదేశంతో అదే యూఆర్ఎల్‌ను ఒకసారి మైనస్ 4తో, ఒకసారి మైనస్ 6తో ప్రయత్నించండి. మొదటిది పనిచేసి రెండోది వేలాడితే ఐపీవీ6ను పూర్తిగా సరిచేయండి, లేదా ఆ సెగ్మెంట్‌లో పూర్తిగా తీసేయండి. సగంలో వదలడం కన్నా ఏదైనా నయమే.

ప్రాక్సీ ఉన్న చోట బ్రౌజర్ పరీక్ష అసలే నమ్మకూడదు. బ్రౌజర్ యూజర్ సెట్టింగులను, ఏ సైటుకు ఏ ప్రాక్సీ వాడాలో చెప్పే ప్యాక్ ఫైలును చదువుకుంటుంది. బోయింక్‌ను విండోస్‌లో సర్వీసుగా ఇన్‌స్టాల్ చేస్తే అది వేరే ఖాతా కింద నడుస్తుంది. లాగిన్ అయిన యూజర్ ప్రాక్సీ దానికి కనిపించదు. లినక్స్‌లో డీమన్‌గా (వెనకాల నడిచే సేవగా) నడిచినా ఇదే కథ. మీ షెల్‌లో ఎచ్‌టీటీపీ ప్రాక్సీ వేరియబుల్ పెట్టారని దానికి తెలియదు. కాబట్టి ఆప్షన్స్ మెనూలో అదర్ ఆప్షన్స్ తెరిచి, ఎచ్‌టీటీపీ ప్రాక్సీ ట్యాబ్‌లో హోస్ట్, పోర్ట్ చేత్తో రాయండి. హోస్ట్ గడిలో పేరు మాత్రమే రాయాలి. ముందు ఎచ్‌టీటీపీ, కోలన్, గీతలు తగిలిస్తే అనవసరమైన తలనొప్పి.

లాగ్‌లో 407 వస్తే ప్రాక్సీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతోంది. అవి అదే ట్యాబ్‌లో ఇవ్వొచ్చు గానీ మా సలహా వేరు. ఆ వివరాలు క్లయింట్ స్టేట్ ఫైలులో మామూలు అక్షరాల్లోనే నిలవుంటాయి. పైగా మీ పాస్‌వర్డ్ విధానం ప్రకారం అవి మారిన రోజున ల్యాబంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. వాలంటీరు వ్యక్తిగత పాస్‌వర్డ్ ల్యాబ్ కంప్యూటర్లలో పెట్టించడం కన్నా, ఆ యంత్రాల ఐపీ పరిధి నుంచి ప్రాజెక్టు హోస్టులకు వెళ్లే అభ్యర్థనలకు ఆథెంటికేషన్ మినహాయించడం మేలు. ఆథెంటికేషన్ ఉంచక తప్పకపోతే, ప్రాక్సీ ఏ పద్ధతి వాడుతుందో క్లయింట్ సరిగ్గా పోల్చుకోలేకపోవచ్చు. అందుకోసం సీసీ కాన్ఫిగ్‌లో ఫోర్స్ ఆథ్ అనే ఆప్షన్ ఉంది. బేసిక్, డైజెస్ట్, ఎన్‌టీఎల్ఎమ్ లాంటి విలువ రాయాలి. పాత ప్రాక్సీలు కొన్ని ఎచ్‌టీటీపీ 1.1 పోస్ట్ అభ్యర్థనలను సరిగ్గా మోయలేవు, 417 కోడ్ ఇస్తాయి. వాటికోసం ఎచ్‌టీటీపీ 1.0 వాడమనే ఆప్షన్ కూడా ఆ ఫైలులోనే పెట్టొచ్చు. ఫైలు మార్చాక ఆప్షన్స్ మెనూలో రీడ్ కాన్ఫిగ్ ఫైల్స్ నొక్కండి. ఫైలును నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ అతుక్కుంటే క్లయింట్ దాన్ని చూడనే చూడదు. "నేను పెట్టిన ఆప్షన్ పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే.

సర్టిఫికెట్ల విషయంలో మీ సంస్థల పాత్ర ఎక్కువ, అందుకే కొంచెం ఆగి చెబుతాం. లాగ్‌లో "పీర్ సర్టిఫికెట్ కెనాట్ బీ ఆథెంటికేటెడ్" అన్న ధోరణిలో వస్తే మూడు కారణాలు వెతకాలి. మొదటిది గడియారం. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత యంత్రం కరెంటు పోయి వచ్చాక ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. దాని లెక్కలో ఈనాటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేసి, బ్యాటరీ మార్చి, గడియారాన్ని నెట్‌వర్క్ ద్వారా సరిచేసే ఎన్‌టీపీ కోసం యూడీపీ 123 తెరిచి ఉందో లేదో చూడండి.

రెండోది పాత రూట్ సర్టిఫికెట్లు, అంటే మిగతా సర్టిఫికెట్ల మీద నమ్మకానికి మూలమైనవి. విండోస్‌లో బోయింక్ చాలాకాలంగా సీఏ బండిల్ అనే తన సొంత ఫైలును వెంట తెచ్చుకుంటూ వచ్చింది. విండోస్ అప్‌డేట్ ఆ ఫైలును తాకదు. 2020 మే 30న యాడ్‌ట్రస్ట్ రూట్, 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ గొలుసులో ఉన్న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 కాలం చెల్లాయి. ఆ తేదీలు దాటగానే పాత క్లయింట్లున్న యంత్రాలు ఎక్కడికక్కడ నిలిచిపోయాయి. బ్రౌజర్లు మాత్రం ఏమీ జరగనట్టు నడిచాయి, ఎందుకంటే వాటి జాబితా వేరు. ల్యాబ్ ఇమేజ్‌లో అప్పటి క్లయింట్ ఇంకా ఉంటే ఇప్పటికీ ఇదే జరుగుతుంది. కొత్త వెర్షన్‌ను పాతదానిమీదే ఇన్‌స్టాల్ చేయండి. డేటా ఫోల్డర్ అలాగే ఉంటుంది, పనులు పోవు. ముందు అన్ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు.

మూడోది మీ టీఎల్ఎస్ తనిఖీ. గుప్తీకరించిన ట్రాఫిక్‌ను మధ్యలో విప్పి చూసే పరికరం ప్రతి సైటుకూ తన సొంత సర్టిఫికెట్ చూపిస్తుంది. మీ సంస్థ రూట్‌ను గ్రూప్ పాలసీతో విండోస్ స్టోర్‌లోకి పంపారు కాబట్టి బ్రౌజర్ ఊరుకుంటుంది. సొంత బండిల్ చూసుకునే బోయింక్ ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. కర్ల్‌ను వివరాలన్నీ చూపించేలా మైనస్ వీతో నడిపి, సర్టిఫికెట్ ఇచ్చినవాడి పేరు చూడండి. అక్కడ మీ ఫైర్‌వాల్ పేరు కనిపిస్తే తేలిపోయినట్టే. మీ రూట్‌ను సీఏ బండిల్ చివర అతికించి పని జరిపించవచ్చు, కానీ క్లయింట్ అప్‌గ్రేడ్ అయినప్పుడల్లా అది చెరిగిపోతుంది. ఆ ప్రాజెక్టు హోస్టులను తనిఖీ నుంచి మినహాయించడమే నిలిచే పరిష్కారం. ఇందులో భద్రత ఏమవుతుందన్న మీ సందేహం న్యాయమైనదే. బోయింక్‌లో అప్లికేషన్ ఫైళ్లకు ప్రాజెక్టు డిజిటల్ సంతకం ఉంటుంది, క్లయింట్ దాన్ని సరిచూశాకే నడుపుతుంది. సర్టిఫికెట్ తనిఖీని పూర్తిగా ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

అప్‌లోడ్ కథ వేరు. షెడ్యూలర్‌తో మాట చీటీ పంపడం లాంటిది, ఫలితాల ఫైలు మూట. చీటీ దూరిన సందులో మూట దూరకపోవచ్చు. అప్‌లోడ్ మొదలుపెట్టే ముందు క్లయింట్ ఆ ఫైలులో ఎంత భాగం ఇప్పటికే చేరిందని సర్వర్‌ను అడుగుతుంది, అక్కడినుంచి కొనసాగిస్తుంది. కాబట్టి తెగిపోయిన అప్‌లోడ్ మళ్లీ మొదటినుంచి మొదలవ్వాల్సిన పని లేదు. బదిలీ వేగం సెకనుకు 10 బిట్ల కంటే తగ్గి 300 సెకన్లు అలాగే ఉంటే క్లయింట్ ఆ ప్రయత్నాన్ని వదిలేస్తుంది. ఇవి మొదట ఉండే విలువలు, సీసీ కాన్ఫిగ్‌లో మార్చుకోవచ్చు.

ఎక్కడ తెగుతుందో గమనిస్తే కారణం దొరుకుతుంది. చిన్న ఫైళ్లు వెళ్లి పెద్దవి 413 కోడ్‌తో తిరిగొస్తే ప్రాక్సీలో పోస్ట్ పరిమాణానికి హద్దు ఉంది. స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని రిక్వెస్ట్ బాడీ మాక్స్ సైజ్ అంటారు. క్లైమేట్‌ప్రిడిక్షన్ లాంటి వాతావరణ ప్రాజెక్టుల ఫైళ్లు పెద్దవి, హద్దు పెట్టేటప్పుడు వాటిని గుర్తుంచుకోండి. శాతం నూరు దాకా చకచకా పోయి అక్కడ స్తంభించిపోతే, మధ్యలో ఏదో స్కానర్ ఫైలు మొత్తాన్ని తన దగ్గర పోగుచేసుకుని తనిఖీ చేస్తోంది. క్లయింట్ సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తూ 300 సెకన్లకు విసిగిపోతుంది. ఆ హోస్టులకు అప్‌లోడ్ స్కానింగ్ తీసేయాలి.

కొద్ది కిలోబైట్లు పోయాక కదలిక ఆగిపోతే ఎంటీయూ (దారిలో ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ పరిమాణం) మీద అనుమానపడండి. వీపీఎన్, పీపీపీఓఈ (కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పద్ధతి) దారుల్లో ఇది మామూలే. విండోస్‌లో పింగ్‌కు మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1472 ఇవ్వండి. లినక్స్‌లో మైనస్ పెద్ద ఎమ్ డూ, మైనస్ ఎస్ 1472. ఆ 1472కి శీర్షికల 28 బైట్లు కలిపితే 1500. అది పోకపోతే 1464 ప్రయత్నించండి. అది పోతే దారి ఎంటీయూ 1492, పీపీపీఓఈ ఆనవాలు. అదీ పోకపోతే ఇంకా తగ్గిస్తూ పోండి. దారిలోని రౌటర్ "ప్యాకెట్ పెద్దది" అని చెప్పే ఐసీఎమ్‌పీ కబురును మీ ఫైర్‌వాల్ మింగేయడం వల్లే ఈ తంటా వస్తుంది. ఐపీవీ4లో అది టైప్ 3, కోడ్ 4. ఐపీవీ6లో ఐసీఎమ్‌పీవీ6 టైప్ 2. భద్రత పేరుతో ఐసీఎమ్‌పీని మొత్తంగా మూసేసిన నిబంధన ఉంటే ఈ రెండింటినైనా వదలండి. కుదరకపోతే రౌటర్‌లో ఎమ్ఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లు ముందే చిన్నవిగా ఉండేలా చూసే ఏర్పాటు) పెట్టండి.

లాగిన్ పేజీ చూపించే వైఫై మీద ఉన్న యంత్రాల్లో తమాషా ఎర్రర్లు వస్తాయి. షెడ్యూలర్ జవాబుకు బదులు లాగిన్ పేజీ ఎచ్‌టీఎమ్ఎల్ వస్తే "నో స్టార్ట్ ట్యాగ్ ఇన్ షెడ్యూలర్ రిప్లై" అంటుంది. డేటా ఫైలుకు బదులు అదే వస్తే ఎమ్‌డీ5 (ఫైలు సరిగ్గా చేరిందో తేల్చే గుర్తు) సరిపోలలేదంటుంది. డిస్కు పాడైందేమోనని వెతకొద్దు. ఆ యంత్రాల మ్యాక్ చిరునామాలకు లాగిన్ మినహాయిస్తే సరి.

కంటెంట్ ఫిల్టర్ల మాట కూడా చెప్పాలి. క్లయింట్ తన యూజర్ ఏజెంట్‌లో "బోయింక్ క్లయింట్" అని నిజాయితీగా చెప్పుకుంటుంది. బ్రౌజర్‌ను వదిలి తెలియని ఏజెంట్లను ఆపే నిబంధన ఉంటే అది అక్కడ చిక్కుకుంటుంది, 403 వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు నిండుగా పనిచేయడం చూసి క్రిప్టో మైనింగ్ అని ముద్ర వేసే పరికరాలూ ఉన్నాయి. ముద్ర వేసింది ఏ నిబంధనో మీ ఫైర్‌వాల్ లాగ్‌లో చూడండి. ఆ సమయం, బోయింక్ ఈవెంట్ లాగ్‌లో ఎర్రర్ వచ్చిన సమయం పక్కపక్కన పెడితే ఊహలతో పని ఉండదు.

కొన్నిసార్లు ఎర్రరే ఉండదు. విఫలమైన ప్రతిసారీ క్లయింట్ వేచి ఉండే సమయం పెరుగుతూ పోతుంది, నిమిషంతో మొదలై గంటల దాకా. సర్వర్ కోలుకున్న క్షణాన లక్షల యంత్రాలు ఒక్కసారిగా మీద పడకుండా ఈ ఏర్పాటు. మీరు లోపం సరిచేశాక కూడా ఏమీ కదలకపోతే ముందు ఈ వేచి ఉండే సమయం చూడండి. టూల్స్ మెనూలో రీట్రై పెండింగ్ ట్రాన్స్‌ఫర్స్ ఒకసారి నొక్కితే చాలు. పదేపదే అప్‌డేట్ నొక్కితే "లాస్ట్ రిక్వెస్ట్ టూ రీసెంట్" అని సర్వరే వెనక్కి పంపుతుంది. యాక్టివిటీ మెనూలో నెట్‌వర్క్ ఆపి ఉందేమో, ప్రిఫరెన్సుల్లో నెట్‌వర్క్ వేళలు రాత్రికే పరిమితం చేసి ఉన్నాయేమో కూడా చూడాలి. మీరే విధించిన హద్దును మీరే లోపమనుకునే ప్రమాదం ఇక్కడుంది.

బ్యాండ్‌విడ్త్ గురించి మీ భయం తీర్చడానికి ఫైర్‌వాల్ కన్నా ఈ ప్రిఫరెన్సులే మంచి సాధనం. డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలకు విడివిడిగా హద్దు పెట్టొచ్చు. ఇన్ని రోజులకు ఇన్ని మెగాబైట్లే అని చెప్పొచ్చు. ఏ గంటల్లో నెట్‌వర్క్ వాడాలో వారంలో ప్రతి రోజుకూ వేరుగా నిర్ణయించవచ్చు. ఒకేసారి నడిచే బదిలీలు మొదట మొత్తం 8, ఒక్కో ప్రాజెక్టుకు 2. సీసీ కాన్ఫిగ్‌లో ఇంకా తగ్గించవచ్చు. ట్రాఫిక్ షేపింగ్‌తో గొంతు నొక్కితే క్లయింట్‌కి కారణం తెలియక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ప్రిఫరెన్సుతో చెబితే అర్థం చేసుకుని ఆగుతుంది.

రీస్టార్ట్ చేయగానే డిస్కును పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాబుల్లో డేటా ఫోల్డర్‌ను ఆ పరిధి బయట, మరో పార్టిషన్ మీద పెట్టించండి. లేకపోతే పూర్తయిన ఫలితాలు ప్రతి ఉదయం మాయమవుతాయి. సర్వర్ వాటికోసం గడువుదాకా ఎదురుచూసి మరొకరికి పంపుతుంది. ఒకే ఇమేజ్‌ను ముప్ఫై యంత్రాలకు ఎక్కించేటప్పుడు ప్రాజెక్టు జోడించిన క్లయింట్‌ను ఇమేజ్‌లో ఉంచొద్దు. అన్నీ ఒకే యంత్రంగా సర్వర్‌కు పరిచయం చేసుకుని గందరగోళం చేస్తాయి. ఖాళీ క్లయింట్‌ను ఇమేజ్‌లో పెట్టి, ప్రాజెక్టును తర్వాత ఒక్కొక్క దానిలో జోడించండి.

వాలంటీరు మీ దగ్గరికి వచ్చినప్పుడు "పనిచేయడం లేదు" అన్న మాటతో సరిపెట్టుకోకండి. క్లయింట్ వెర్షన్, విఫలమైన హోస్ట్ పేరు, ఎచ్‌టీటీపీ డీబగ్‌తో తీసిన పదిహేను ఇరవై వరుసల లాగ్, ఆ సమయం, ఆగింది షెడ్యూలరా డౌన్‌లోడా అప్‌లోడా అన్నది అడగండి. అవి తేలేకపోతే ఎలా తీయాలో ఈ లేఖ చూపించండి. అవి తెస్తే మాత్రం ఆ హోస్ట్ పేరును మీ ఫైర్‌వాల్ లాగ్‌లో వెతికిన తర్వాతే జవాబు చెప్పండి.

ఇట్లు,
బోయింక్ వాలంటీర్లకు ఎర్రర్ లాగ్‌లు చదివిపెట్టే కొందరం